మేడ మీది కుండీలు, రెండో పక్క కడ్డీ

గొట్టంలో నీళ్లు దిగుతున్న చప్పుడు విని పార్సిల్ పిన్ని కళ్లు మూసుకుంది. మేడ మీద ఆమె భర్త మళ్లీ మొక్కలకు నీళ్లు పోశాడు. నిన్నటి నీళ్లు మట్టిలో ఇంకా ఉండగానే పోశాడు. మట్టి తాగలేనిదంతా కుండీల అడుగునుంచి గచ్చు మీదికి పారి, మూలనున్న తూములోంచి దిగి, ఆమె పడుకున్న గది కిటికీ పక్కగా గోడవెంట వెళ్లే గొట్టంలో గలగలమంటూ కింద ఇంటావిడ వాకిట్లో పడుతోంది. ఆ చప్పుడుకు అర్థం ఏమిటో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. తెలిసీ ఆమె నోరు విప్పలేదు.

ఆమెకు ఆ పేరు పార్సిల్ ఆఫీసు ఇచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజునుంచి విరమించిన రోజు వరకు ఆమె కూర్చున్నది ఒకే కౌంటరు వెనుక, తూచింది ఊరందరి మూటలు. పెద్దవాళ్లు పార్సిలమ్మ అన్నారు, చిన్నవాళ్లు పార్సిల్ పిన్ని అన్నారు, కట్టుకున్నవాడు, వృత్తికి దర్జీ, మాత్రం సరదా పుట్టినప్పుడు "ఏమోయ్ కాటా" అని పిలిచేవాడు. ఇద్దరూ ఉంటున్నది పై అంతస్తులోని రెండు గదుల్లో. వీధివైపు గదిలో ఆయన కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల, గుడ్డపీలికల సంచి. లోపలి గదిలో మంచం, బీరువా, ఆ గొట్టం పక్కన కిటికీ. కింది అంతస్తు ఇంటి సొంతదారైన ఇంటావిడది. పైన మేడ. మేడ మీదికి ఇనుప మెట్లు.

ఆ మెట్ల గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే జరిగిన నష్టానికి కారణం అవే. ఎక్కేటప్పుడు కుడివైపు గోడ, గోడకు ఒక కడ్డీ. ఎడమవైపు ఏమీ లేదు. ఏమీ లేదంటే ఏమీ లేదు: మెట్టు అంచు, ఆ తర్వాత గాలి, ఆ గాలి కింద వాకిలి. రెండో పక్క కూడా కడ్డీ వేయించమని వాళ్లు అద్దెకు దిగిన వారంలోనే అడిగారు. వానాకాలం ముందు అడిగారు, వానాకాలం తర్వాత అడిగారు. అడిగిన ప్రతిసారీ ఇంటావిడ నవ్వుతూ "అలాగే పిన్నిగారూ, వెల్డరుకు చెబుతాను" అంది. ఆ వెల్డరును ఆ వీధిలో చూసినవారు లేరు.

చివరికి ఒకనాటి ఉదయం పార్సిల్ పిన్ని నీళ్లడబ్బా ఖాళీ చేసి దిగుతుండగా తడి మెట్టు మీద కాలు జారింది. దిగేటప్పుడు గోడ ఎడమకు వస్తుంది, ఖాళీ కుడికి వస్తుంది. ఒళ్లు కుడివైపుకే తూలింది. పట్టుకోవడానికి చెయ్యి చాచింది కానీ, పట్టుకోవడానికి అక్కడ ఏమీ పెట్టలేదు కదా. మెట్ల మలుపులో ఉన్న సిమెంటు అరుగు మీద కుడిచేతి మీదుగా పడింది. వాకిట్లో పడకపోవడం ఒక్కటే ఆ పూట ఆమెకు దక్కిన మేలు.

ఇంటావిడ పళ్లు పట్టుకొని పరామర్శకు వచ్చింది. మంచం పక్కన కూర్చొని, పిండికట్టు వేసిన చేతిని చూసి, నిజంగానే కళ్ల నీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లు తుడుచుకున్న కొంగు ఇంకా చేతిలో ఉండగానే అంది:

"ఈ వయసులో మీకు ఈ కుండీలెందుకు చెప్పండి పిన్నిగారూ? తీసేద్దాం. ప్రమాదమే ఉండదు."

కడ్డీ లేని మెట్లు నిర్దోషులుగా నిలబడ్డాయి, మొక్కలు ముద్దాయిలయ్యాయి. పడ్డ మనిషి నొప్పితో పళ్లు బిగించి ఉంది కాబట్టి ఆమె వాంగ్మూలం ఎవరూ అడగలేదు.

"కుండీలు ఉంటాయమ్మా" అన్నాడు దర్జీ గుమ్మం దగ్గరనుంచి. "నేను చూసుకుంటాను."

"మీరా బాబాయిగారూ? మీకు మొక్కల సంగతి తెలుసా?"

"నీళ్లు పోయడానికి సంగతులేముంటాయి? డబ్బా వంచితే అదే పడుతుంది."

ఇంటావిడ కాసేపు ఆలోచించి షరతు పెట్టింది. "సరే. పిన్నిగారి కట్టు విప్పేదాకా చూద్దాం. ఈలోగా నా వాకిట్లో నీళ్లు పారినా, మొక్కలు ఎండి మేడంతా చెత్తయినా, అన్నీ దించేయాలి. తర్వాత నన్ను అనొద్దు."

డబ్బా వంచితే చాలన్న మాట దగ్గరే పార్సిల్ పిన్ని మనసు అటు తిరిగి పడుకుంది.

ఆమెకు మొక్కలు ఖాళీ సమయపు సరదా కాదు. పార్సిల్ ఆఫీసులో ఆమె చేరిన కొత్తలో కాటా ముల్లు బిగుసుకుపోయి ఉండేది. బరువు తక్కువ చూపేది. ఆ సంగతి పక్క కౌంటరులోని సీనియర్ గుమాస్తాకు తెలుసు, ఆయన చెప్పలేదు. ఆమె తప్పుడు తూకాలు వేస్తూ పోయింది. ఒకరోజు పైఅధికారి వచ్చి జనం నిండిన హాల్లో ఆమెను నిలబెట్టి దులిపేశాడు. ఆ సాయంత్రం గుమాస్తా దగ్గరికి వెళ్లి "మీకు తెలుసు కదండీ, ఒక్క మాట చెప్పుంటే పోయేది కదా" అని అడిగితే, ఆయన టీ ఊదుకుంటూ "నేర్చుకుంటావులే అని ఊరుకున్నానమ్మా" అన్నాడు. ఆ రోజునుంచి ఆమె కాటాను నమ్మలేదు, చేతిని నమ్మింది. ప్రతి మూటనూ ముందు ఎత్తి చూసి, తర్వాతే కాటా మీద పెట్టింది. ఆ కాటాను మార్చమని పెట్టిన అర్జీలు పైకి వెళ్లాయి, కిందికి రాలేదు. ఆమె చెయ్యే ఆ ఆఫీసుకు కాటా అయింది. విరమించే నాటికి ఆ భుజం అరిగిపోయింది. చేతిని తూకపురాయిగా వాడుకున్న ఆఫీసు, ఆ చేతి నొప్పిని మాత్రం వయసు ఖాతాలో వేసి చేతులు దులుపుకుంది.

ఇంటికొచ్చాక ఆ చేతులకు ఎత్తడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు మొదలయ్యాయి కుండీలు. మల్లె, గులాబీలు, పుదీనా, మిరప, పగిలిన బకెట్లో టమాటా, అన్నిటికీ పెద్దగా ఒక పాత రేకు డ్రమ్ములో గింజ నాటి పెంచిన నిమ్మ. ఆమె వాటికి రోజు చూసి నీళ్లు పోయలేదు, వేళ చూసి పోయలేదు. ప్రతి కుండీని కాస్త ఎత్తి చూసేది. తేలికగా లేస్తే నీళ్లు అడుగుతోందని, బరువుగా ఉంటే కడుపు నిండి ఉందని. నిమ్మ డ్రమ్మును ఎత్తలేదు కాబట్టి దాని అంచు పట్టుకొని ఒక పక్కకు కొంచెం వంచేది. వదిలితే అది దభీమని నేల మీద కూర్చునేది. ఆ చప్పుడులోనే లోపల ఎంత తడి ఉందో ఆమెకు తెలిసేది. ఇన్నేళ్లకు ఆ నిమ్మ ఈ ఏడే మొదటిసారి పూతకొచ్చింది.

ఇదంతా ఆయనకు చెప్పి ఉండవచ్చు. ఒక్క పూట పని. చెప్పలేదు. డబ్బా వంచితే చాలుగా, వంచనీ అనుకుంది. తన పని ఎంతటిదో ఈ ఇంటికి ఒక్కసారైనా తెలిసి రానీ అనుకుంది. కుడిచెయ్యి పిండికట్టులో ఉంది, ఎక్కేటప్పుడు పట్టుకునే కడ్డీ కుడివైపునే ఉంది, కాబట్టి తను మేడ ఎక్కే ప్రశ్నే లేదు. రోజూ గొట్టం చప్పుడు వింటూ పడుకుంది.

దర్జీ మాత్రం మేడ దిగినప్పుడల్లా ఏదో యుద్ధం గెలిచినవాడిలా వచ్చేవాడు.

"నీ మొక్కలకేంటే, పెళ్లివారిలా ఉన్నాయి."

"నిమ్మ?"

"నిమ్మకేం. నవనవలాడుతోంది."

"పూత నిలిచిందా?"

"పూతకేం" అని ఆయన మిషను దగ్గరికి వెళ్లిపోయేవాడు. ఆ పూట మిషను మామూలు కన్నా గట్టిగా తొక్కేవాడు, ఇంకో ప్రశ్న వినపడకుండా.

కొన్నాళ్లకు ఆయన చేతులకు బురదవాసన వేయసాగింది. తడిమట్టి వాసన కాదు, మురిగిన వాసన. పిండికట్టు చేతిని మెడకు వేలాడదీసిన గుడ్డ జారితే కొత్త పీలిక కోసం పార్సిల్ పిన్ని వీధిగదిలోని గుడ్డల సంచిలో ఎడమచెయ్యి పెట్టింది. చేతికి గుడ్డ తగల్లేదు. ఆకులు తగిలాయి. పసుపుపచ్చగా మారిన గులాబీ ఆకులు, మెత్తబడిన పుదీనా కాడలు, వాటి కింద ఎండి ముడుచుకున్న తెల్లటి నిమ్మపూత. రాలినవన్నీ ఏరి, కింద పారేస్తే ఇంటావిడ కంట పడతాయని, ఇంట్లో పారేస్తే పెళ్లాం కంట పడతాయని, కోటు ముక్కలకూ లైనింగు ముక్కలకూ మధ్య దాచిపెట్టాడు. దొంగసొత్తు దాచడం కూడా చేతకాని మనిషి.

ఆమెకు నవ్వు రావాలి. రాలేదు. సంచి మూతి ఉన్నది ఉన్నట్టుగా ముడిచి, పాత గుడ్డతోనే చెయ్యి కట్టుకొని వచ్చి పడుకుంది.

అదే రోజు మధ్యాహ్నం వాకిట్లో గొంతు లేచింది.

"బాబాయిగారూ! ఒకసారి దిగి చూడండి ఈ కాలవ! రోజూ ఇదే. మా అమ్మాయి పుస్తకాలు తడిసిపోయాయి. మీకు చేతకాకపోతే చేతకాదని చెప్పాలి కానీ, పంతానికి పోసుకుంటూ కూర్చుంటారా? మొక్కలు కూడా చస్తున్నాయి, కింద నుంచే కనపడుతోంది."

పార్సిల్ పిన్ని కిటికీ రెక్క కొంచెం తీసింది. ఇంటావిడ ముందు ఆయన తల దించుకొని నిలబడ్డాడు. మెడలో టేపు వేలాడుతోంది, కళ్లజోడు చేతిలో ఉంది, లాగు అంచులు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి.

"తప్పు నాదేనమ్మా. ఆకులు పసుపు తిరుగుతుంటే ఎండకు దాహమేస్తోందని ఇంకాస్త పోశాను. పోసేకొద్దీ ఇంకా రాలుతున్నాయి." గొంతు తగ్గించాడు. "మా ఆవిడకు మాత్రం చెప్పకండి. ఆమె చెయ్యి పోయింది, మొక్కలు కూడా పోయాయంటే..."

మాట పూర్తి కాలేదు. గది లోపల మంచం మీద కూర్చున్న మనిషికి ఆ వాకిలి కాక, జనం నిండిన ఒక హాలు కనిపించింది. తల దించుకొని నిలబడ్డ ఒక అమ్మాయి కనిపించింది. పక్క కౌంటరులో టీ ఊదుకుంటున్న గుమాస్తా కనిపించాడు. ఇన్నేళ్లుగా ఆమె ఆ గుమాస్తాను క్షమించలేదు. ఇప్పుడు చూస్తే అతని కుర్చీలో కూర్చున్నది తనే. సంగతి తెలుసు, చెప్పలేదు, పక్కమనిషి తప్పు చేస్తుంటే నేర్చుకుంటాడులే అని చెవులు రిక్కించి వింటోంది. గుమాస్తాది నేరమైతే తనదీ నేరమే.

ఆయన మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమండీ, పుదీనా కుండీ ఒకటి, మిరప కుండీ ఒకటి ఇటు పట్టుకురండి."

"ఇప్పుడెందుకే? ఎండగా ఉంది."

"గుడ్డల సంచి చూశాను."

దర్జీ సంచి వైపు చూశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "పారేద్దామనే అనుకున్నాను" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

"మిమ్మల్ని అనడానికి పిలవలేదు. నన్ను మీరు అనాలి. రోజూ గొట్టంలో నీళ్లు పడుతుంటే నాకు తెలుసు, మీరు ఎక్కువ పోస్తున్నారని. పంతంకొద్దీ చెప్పలేదు."

"మొదటి రోజునుంచీ తెలుసా?"

"మొదటి రోజునుంచీ."

ఆయన చాలాసేపు ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం వచ్చి, కాసేపు నిలబడి, కూర్చోవడానికి చోటు దొరక్క వెళ్లిపోయింది. "కాటా అని ఊరికే అనలేదు నిన్ను" అన్నాడు. "ఉన్నమాట చెప్పడానికి ముందు ముల్లు బిగుసుకుంటుంది నీకు."

కుండీలు వచ్చాయి. ఆమె ఆయన రెండు చేతుల్లో రెండూ పెట్టించింది.

"ఏది బరువు?"

"పుదీనా. రాయిలా ఉంది. కానీ పైన చూడు, పొడిగానే ఉందిగా! పైన పొడిగా కనపడబట్టే కదా నేను పోసింది."

"మీరు తడిపి ఆరేసిన కోటు గుడ్డ మడత పైన పొడిగా ఉంటే కత్తిరిస్తారా?"

"ఎందుకు కత్తిరిస్తాను? లోపలి మడతలో చెమ్మ ఉంటుంది. కత్తిరిస్తే కుట్టాక కుదించుకుపోదూ?" అని ఆగాడు. కుండీ వంక చూశాడు. మట్టిలోకి వేలు కణుపు దాకా దించాడు. తీసిన వేలికి బురద అంటుకుంది, అదే మురుగు వాసన. "లోపలి మడత" అన్నాడు మెల్లగా.

"అదే. వేళ్లు కూడా ఊపిరి పీలుస్తాయండీ. నీళ్లలో నిలబెడితే కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు, పైన ఆకు పసుపైపోతుంది. చూసేవాళ్లకు దాహంలా కనపడుతుంది."

"ఓసి నీ దుంపతెగ! దాహమనుకొని ముంచేశానన్నమాట."

ఆ సాయంత్రం నుంచి ఆమె కింద, ఆయన పైన. ఆమె మెట్ల మొదట్లో ముక్కాలిపీట వేసుకొని కూర్చుంటే, ఆయన మేడ అంచునుంచి తొంగి చూస్తూ చెప్పింది చేసేవాడు. కుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీళ్లు పారబోశాడు. అడుగున మూసుకుపోయిన రంధ్రాలను గోతాలు కుట్టే దబ్బనంతో పొడిచి తెరిచాడు. పైమట్టి గుల్ల చేశాడు. నీరసించిన వాటిని ఎండనుంచి గోడ నీడకు జరిపాడు. బలానికి ఎరువు వేస్తానంటే "ఒంట్లో బాగాలేని మనిషికి విందు పెడతారా? కొత్త చిగురు వచ్చేదాకా ఏమీ వద్దు" అని ఆమె కసిరింది. నిమ్మ డ్రమ్మును వంచి వదలమంది. దభీమన్న చప్పుడు మెట్ల మీదుగా కిందికి వచ్చింది.

"ఇంకా నిండుగా ఉంది. దాని జోలికి పోకండి."

"ఎన్నాళ్లు?"

"అది చెప్పేదాకా."

పుదీనా పోయింది. ఒక గులాబీ పోయింది. నిమ్మపూత మొత్తం రాలిపోయింది, ఈ ఏటికి కాయ లేదు. ఆ నష్టాన్ని ఆమె తన పేర రాసుకుంది, ఆయన తన పేర రాసుకున్నాడు, ఇద్దరూ ఆ విషయంలో రాజీకి రాలేదు. కానీ గొట్టం నోరు మూసుకుంది. వాకిలి ఆరింది.

ఇంటావిడ మాత్రం అప్పటికే మనసులో కుండీలు దించేసింది. కట్టు విప్పే రోజు దగ్గరపడుతుండగా మెట్ల దగ్గరికి వచ్చి, "ఏం బాబాయిగారూ, ఎప్పుడు దించుతున్నారు?" అంది. వాకిట్లో నీళ్లు పారిన రోజులు ఆమెకు గుర్తున్నాయి. కడ్డీ వేయిస్తానన్న మాట గుర్తు లేదు. అద్దెకున్నవాడి తప్పుకు జ్ఞాపకం, సొంతదారు మాటకు మరుపు: అన్ని ఇళ్లలోనూ చెల్లుబాటవుతున్న రాయని చట్టం ఇదే.

దర్జీ కత్తెర కింద పెట్టి, ఎంతో వినయంగా లేచాడు.

"దించేస్తానమ్మా. మీరు అన్నాక కాదంటానా? అయితే ఒక చిక్కు. మా ఆవిడ ఖాళీ డబ్బాతో దిగుతూనే అటు పడింది. నేను నిమ్మ డ్రమ్ము పట్టుకొని దిగాలి. దిగేటప్పుడు కుడివైపు పట్టుకోవడానికి ఏమీ లేదు. డ్రమ్ముతో సహా పడితే మీ వాకిట్లోనే పడతాను. మీ అమ్మాయి అక్కడే కూర్చొని చదువుకుంటుంది కదా."

లోపలి గదిలో పార్సిల్ పిన్ని ఎడమచేత్తో నోరు మూసుకుంది.

ఇంటావిడ పైకి చూసింది, మెట్ల ఖాళీ అంచు చూసింది, ఆ అంచు కింద కూతురు కూర్చునే చాప చూసింది. ముఖంలో రంగు మారింది. మర్నాడు పొద్దుటికల్లా వెల్డరు వచ్చాడు. ఒక మనిషి వానాకాలాల పొడుగునా అడిగినా రానివాడు, ఆ మనిషి పడి చెయ్యి విరిగినా రానివాడు, సొంతదారు పిల్ల నెత్తిన డ్రమ్ము పడవచ్చనగానే నిప్పురవ్వలు చిమ్ముకుంటూ వచ్చాడు. కడ్డీ కొత్తగా, బలంగా, ఎక్కేటప్పుడు ఎడమచేతికి అందేలా నిలబడింది.

పిండికట్టు విప్పిన రోజు ఇంటావిడ పైకి వచ్చింది. "ఇక దించండి మరి."

"దించేముందు ఒక్క మాటమ్మా" అంది పార్సిల్ పిన్ని. పాలిపోయి సన్నబడిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకొని కూర్చుంది, గొంతు మాత్రం కౌంటరు వెనకనుంచి వచ్చినట్టే ఉంది. "ఆ రోజు మీరు పెట్టిన షరతు ఏమిటి? వాకిట్లో నీళ్లు పారితే, మొక్కలు చెత్తయితే దించాలి అన్నారు. పారాయి, నేను ఒప్పుకుంటున్నాను. తప్పు మాదే, పుస్తకాలు తడిసినందుకు క్షమించమని మీ అమ్మాయికి నేనే చెబుతాను. కానీ ఆ తర్వాత చుక్క పడిందా?"

"లేదనుకోండి."

"మేడ ఎక్కి చూడండి. చెత్త ఉంటే దించేస్తాం. లేకపోతే మాట మీద నిలబడండి. ఇది మిమ్మల్ని దయ చూపమని అడగడం కాదు."

ఇంటావిడ విసుగ్గానే ఎక్కింది. దర్జీ వెనకే వెళ్లాడు. పైన గచ్చు ఊడ్చి ఉంది. కుండీల మట్టి మీద ఎండుటాకులు పలచగా పరిచి ఉన్నాయి. మిరపకు పూత, మల్లెకు కొత్త కొమ్మ. నిమ్మ మోడులా నిలబడి ఉంది కానీ, కొమ్మ చివర గోరంత చిగురు ఎర్రగా మెరుస్తోంది. ఆవిడ దాన్ని వేలితో తాకబోయి ఆగింది. దిగివచ్చి అంది:

"సరే, ఉండనీయండి. అయితే అంత ఖర్చుపెట్టి వేయించిన కడ్డీ దండగేనా బాబాయిగారూ?"

"దండగెందుకమ్మా?" అన్నాడు దర్జీ. "మా ఆవిడ ఎక్కొద్దూ?"

ఇంటావిడకు అప్పుడు అర్థమైంది. కోపగించుకోవాలో నవ్వాలో తేల్చుకోలేక, "మీ ఇద్దరితో వేగలేం తల్లీ" అంటూ కిందికి వెళ్లిపోయింది.

పార్సిల్ పిన్ని మెట్ల దగ్గరికి వచ్చింది. కుడిచెయ్యి ఇంకా దేన్నీ పట్టుకోలేదు. ఇకమీద బరువులు ఎత్తకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఎడమచెయ్యి కొత్త కడ్డీ మీద వేసింది. ఇనుము ఎండకు వెచ్చగా ఉంది. కుండీలు దించడానికి వేసిన కడ్డీని పట్టుకొని, మెట్టు మెట్టూ చూసుకుంటూ, ఆమె కుండీల దగ్గరికి ఎక్కింది.

పైకి చేరాక ఆమె దేన్నీ ముట్టుకోలేదు. గోడకు ఆనుకొని నిలబడి ఆయన వైపు చూసింది. దర్జీ మల్లె కుండీ ఎత్తి, దించాడు. మిరప ఎత్తి, రెండో చేతిలోకి మార్చి చూసి, "దీనికి పొయ్యాలి" అన్నాడు. నిమ్మ డ్రమ్ము అంచు పట్టుకొని వంచి వదిలాడు. దభీమంది. చెవి అటు పెట్టి, గుడ్డ మడత తడిమి చూసేటప్పుడు పెట్టే ముఖం పెట్టాడు.

"సగం" అన్నాడు. "రేపు చూద్దాం."

ఆమె డ్రమ్ము దగ్గరికి వచ్చింది. ఎడమ అరచేతిని డ్రమ్ము అంచు మీద ఆనించి, కాస్త తోసి, వదిలింది.

"సగమే" అంది.

ఆయన మిరపకు నీళ్లు పోయడానికి డబ్బా అందుకున్నాడు. గొట్టంలో ఏ చప్పుడూ రాలేదు.